చెల్లికి బ్రేక్ రూల్ ఉందంట, అన్నకి లేదంట, ఇదేం న్యాయం అండీ?

ప్రశ్న: నమస్తే అండీ. మేము ఒహాయోలో ఉంటాం. మాకు దగ్గర్లో ఒక పెద్ద అమ్యూజ్‌మెంట్ పార్క్ ఉంది, ఈ సమ్మర్‌లో మా పిల్లలిద్దరూ అందులోనే పని చేస్తున్నారు. బాబుకి 19, రైడ్ ఆపరేటర్. పాపకి 16, ఫుడ్ స్టాండ్‌లో వేశారు. బాబుకి వారంలో ఆరు రోజులు, రోజుకి పది గంటలు, అయినా ఓవర్‌టైమ్ ఒక్క డాలర్ కూడా పడట్లేదు. పాప మొన్న శనివారం మధ్యాహ్నం 12కి ఎక్కితే రాత్రి 7 దాకా బ్రేక్ ఇవ్వలేదంట, అంతకు ముందు బుధవారం అయితే అసలు కూర్చోనేలేదు, కానీ పే స్టబ్‌లో (జీతం చీటీలో) మాత్రం రెండు రోజులూ అరగంట కట్ చేశారు. కాలిఫోర్నియాలో మా చెల్లెలి కొడుకు కూడా పార్క్‌లోనే చేస్తాడు, వాడికి పది నిమిషాల బ్రేకులు వేరే, లంచ్ వేరే, బ్రేక్ మిస్ అయితే గంట జీతం ఎక్స్‌ట్రా అంట. చెల్లి కంప్లైంట్ పెట్టమంటుంది, మావారేమో "సమ్మర్ జాబ్‌కి ఇంత గోల ఎందుకు, కష్టం తెలియనీ" అంటారు. నేను మేనేజర్‌కి ఫోన్ చేసి అడగనా? ఇంకో మాట, మా మరిది గారి అమ్మాయికి 17, హెచ్-4 డిపెండెంట్ వీసా మీద ఉంది, అదీ వీళ్లతో పాటు చేరతానంటోంది. చేరొచ్చా?

సమాధానం: అమ్మా, మీ చెల్లెలు చెప్పింది అబద్ధం ఏమీ కాదు, కాకపోతే అది కాలిఫోర్నియాలో నిజం. ఈ దేశంలో బ్రేకుల విషయం చాలావరకు స్టేట్ స్టేట్‌కీ మారిపోతుంది, మన ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఒకరు డాలస్, ఒకరు శానోజే, ఒకరు న్యూజెర్సీ, అందరూ కలిసి "అమెరికాలో రూల్ ఇది" అని చెప్పేస్తుంటారు, అక్కడే వస్తుంది తంటా అంతా. కాలిఫోర్నియాలో ఐదు గంటలకి మించి పని ఉంటే ఐదో గంట అయ్యేలోపు అరగంట భోజనం బ్రేక్ ఇవ్వాలి, నాలుగు గంటలకో పది నిమిషాల రెస్ట్, అది జీతంతోనే, ఇవ్వకపోతే ఆ రోజుకి ఒక గంట జీతం అదనంగా కట్టాలి. ఒహాయోలో పెద్దవాళ్లకి ఇందులో ఒక్కటి కూడా లేదు. ఫెడరల్ చట్టంలోనూ, అంటే దేశం మొత్తానికీ వర్తించే చట్టంలోనూ, లేదు. 18 దాటినవాళ్లకి భోజనం బ్రేక్, రెస్ట్ బ్రేక్ ఇచ్చి తీరాలి అని ఫెడరల్ వాళ్లు ఎక్కడా రాయలేదు, ఇది విని చాలామంది నమ్మరు, నేను పేరోల్ పని చూసేదాన్ని కాబట్టి ఈ మాట చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.

ముందు ఓవర్‌టైమ్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ కోపం ఎక్కువ దానిమీదే ఉన్నట్టుంది, కానీ మీరు గెలవలేనిది కూడా అదే.

1938లో వచ్చిన ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్ అనే ఫెడరల్ చట్టం ప్రకారం వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి కదా, అదే చట్టంలో 13వ సెక్షన్‌లో సీజనల్ అమ్యూజ్‌మెంట్ పార్కులకి మినహాయింపు ఉంది. దానికి రెండు దారులు. ఏడాదిలో ఏడు నెలలకి మించి నడవని పార్క్ అయితే సరే. లేదా ముందు ఏడాది లెక్కల్లో, బిజినెస్ పలచగా ఉన్న ఆరు నెలల సగటు రాబడి మిగతా ఆరు నెలల సగటులో మూడో వంతుకి మించకపోయినా సరే. ఈ రెండోది ఎందుకు ముఖ్యం అంటే, ఇప్పుడు చాలా పార్కులు అక్టోబర్‌లో హాలోవీన్ అని, డిసెంబర్‌లో క్రిస్మస్ లైట్లు అని మళ్లీ తెరుస్తున్నాయి, "ఏడు నెలలు దాటిందిగా, దొరికారు" అనుకుంటాం, కానీ రాబడి లెక్కలో వాళ్లు ఇంకా మినహాయింపులోనే ఉండొచ్చు. ఎండాకాలం ఆరు నెలలు సగటున నెలకి 90 లక్షల డాలర్లు వచ్చే పార్క్‌కి మిగతా ఆరు నెలల సగటు 30 లక్షలు దాటకపోతే చాలు. మన జాతరలో రంగులరాట్నం వాడికి ఆ నాలుగు రోజులే సంపాదన అన్నట్టు, వీళ్లదీ అదే వాదన. నాకు నచ్చదు, కోట్ల డాలర్ల కంపెనీకి జాతర వాడి రూల్ ఏంటో, కానీ రూల్ రూలే. ఒహాయో ఓవర్‌టైమ్ చట్టం కూడా ఈ ఫెడరల్ మినహాయింపుల్ని అలాగే ఒప్పుకుంటుంది, కాబట్టి అటు తిరిగినా అదే గోడ.

మీ బాబు విషయంలో డబ్బు తేడా ఎంతో చూద్దాం. గంటకి 13 డాలర్లు అనుకోండి. ఆరు షిఫ్టులు, ఒక్కోటి పది గంటలు, అరగంట చొప్పున కట్ అయితే 57 గంటలు. 57 ఇంటూ 13, 741 డాలర్లు. అదే పని పక్కనే ఉన్న గ్రోసరీ స్టోర్‌లో చేసుంటే 40 గంటలకి 520, మిగతా 17 గంటలకి పందొమ్మిదిన్నర చొప్పున 331.50, మొత్తం 851.50. వారానికి 110 డాలర్లు పైన తేడా. బాబుకి ఈ లెక్క చూపించండి, చూపించి ఊరుకోండి. వచ్చే ఏడాది ఎక్కడ చేరాలో వాడే తేల్చుకుంటాడు. ఒకవేళ వాడు పార్క్‌లో కాకుండా ఆ కంపెనీదే ఏడాదంతా నడిచే హోటల్‌లో చేస్తుంటే లెక్క మారొచ్చు, ఎందుకంటే ఆ మినహాయింపు కంపెనీ మొత్తానికి కాదు, ఆ ఎస్టాబ్లిష్‌మెంట్‌కే, అంటే ఆ ఒక్క చోటికే. రైడ్ మీద నిలబడేవాడికి మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు పాప విషయానికొద్దాం, ఇక్కడ మాత్రం మీవారి మాట వినకండి.

ఆ సీజనల్ మినహాయింపు మినిమమ్ వేజ్‌కి, ఓవర్‌టైమ్‌కి మాత్రమే, మైనర్ల రూల్స్‌కి కాదు. ఒహాయో చట్టంలో స్పష్టంగా ఉంది, 18 లోపు పిల్లలతో వరసగా ఐదు గంటలకి మించి పని చేయించకూడదు, మధ్యలో కనీసం 30 నిమిషాల విశ్రాంతి ఇచ్చి తీరాలి. ఆ అరగంటకి జీతం ఇవ్వక్కర్లేదు, కానీ అరగంట మాత్రం ఇవ్వాలి. శనివారం 12 నుంచి 7 అంటే ఏడు గంటలు. "రష్ ఉంది, లైన్ చూడు ఎంతుందో" అనేది అక్కడ చెల్లే సమాధానం కాదు. శనివారం ఏడింటికి అరగంట కూర్చోబెట్టి ఉంటే ఆ రోజు జీతం కట్ చేయడంలో తప్పు లేదు, తప్పు ఆలస్యంగా ఇవ్వడంలో. బుధవారం కథ వేరు, ఆ రోజు బ్రేకే లేదు, అయినా అరగంట కట్ అయ్యింది, అంటే పాప ఫ్రీగా చేసినట్టు.

ఇది ఎందుకు జరుగుతుందంటే చాలా చోట్ల టైమ్ సిస్టమ్‌లో ఆటోమేటిక్ కట్ పెట్టేస్తారు, ఆరు గంటలు దాటిన షిఫ్ట్ కనిపిస్తే చాలు, మనిషి తిన్నాడా లేదా అని అడగదు, అరగంట తీసేస్తుంది. ఎవరో సూపర్‌వైజర్ రాత్రి కూర్చుని దాన్ని సరిచేయాలి, రాత్రి పదకొండుకి స్టాండ్ మూసి, ఫ్రయర్ కడిగి, క్యాష్ లెక్కపెట్టిన మనిషికి ఆ ఓపిక ఎక్కడుంటుంది. కాబట్టి కుట్ర అని మొదలుపెట్టకండి, తప్పు అని మొదలుపెట్టండి. సగం కేసులు అక్కడే సరైపోతాయి. పాప పేరోల్ వాళ్లకి లేదా ఆ ఏరియా సూపర్‌వైజర్‌కి ఒక ఈమెయిల్ పెట్టాలి, ఫలానా బుధవారం నాకు మీల్ బ్రేక్ రాలేదు, 30 నిమిషాలు కట్ అయ్యింది, దయచేసి సరిచేయండి, అంతే, రెండు లైన్లు. నోటితో చెప్తే గాలికి పోతుంది, ఈమెయిల్ ఉంటుంది.

మీకు తెలియని ఇంకో సంగతి చెప్తా. ఒహాయోలో మైనర్లని పెట్టుకున్న కంపెనీ వాళ్ల పని ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగిసింది అన్నదే కాదు, భోజనం బ్రేక్ ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోయిందో కూడా రాసి రెండేళ్లు దాచాలి. ఆటోమేటిక్ కట్ అంటే ఆ టైములు లేనట్టే కదా! పాప మెయిల్‌కి వారం పది రోజులైనా జవాబు రాకపోతే, రెండో మెయిల్‌లో "నా బ్రేక్ మొదలైన టైమ్, అయిపోయిన టైమ్ పంపించగలరా" అని ఒక్క ముక్క అడగమనండి. బెదిరింపు అక్కర్లేదు, ఆ ప్రశ్న చాలు, హెచ్‌ఆర్‌లో చదివినవాళ్లకి అర్థమైపోతుంది.

రోజువారీ విషయానికొస్తే, షిఫ్ట్ మొదట్లోనే అడగడం నేర్పండి. నాలుగున్నరకి ఆకలితో, కళ్లనీళ్లతో అడిగితే లీడ్ (ఆ షిఫ్ట్ చూసుకునే సీనియర్) కూడా ఇరవై ఏళ్ల పిల్లే, ఆ అమ్మాయి చేతిలో మనుషులు ఉండరు. 12కి ఎక్కగానే "నాకు పదహారు, ఐదులోపు నా థర్టీ కావాలి, నన్ను ఎవరు రిలీవ్ చేస్తారు" అని అడిగేస్తే లీడ్ ఆ రోజు బ్రేకుల షీట్‌లో ముందే రాసుకుంటుంది. చాలా పార్కుల్లో మైనర్లకి నేమ్ ట్యాగ్ మీదో షెడ్యూల్‌లోనో ఏదో గుర్తు పెడతారు, సరిగ్గా ఇందుకే. పాపది ఉందో లేదో చూడమనండి, 16 ఏళ్ల పిల్ల పొడుగ్గా ఉంటే పెద్దదనుకుని మర్చిపోవడం మామూలే.

ఫుడ్ స్టాండ్ అన్నారు కాబట్టి ఇంకోటి, అడగకపోయినా చెప్తున్నా. 18 లోపు పిల్లలు మీట్ స్లైసర్ వాడకూడదు, వాడటమే కాదు, దాన్ని విప్పి కడగకూడదు కూడా. వెనక ఉండే పెద్ద చెత్త కంపాక్టర్‌లో కొన్ని రకాల్లో చెత్త వేయొచ్చు కానీ బటన్ నొక్కి నడిపించకూడదు. ఇవి ఫెడరల్ రూల్స్, సీజనల్ పార్క్ అని ఎవరికీ మినహాయింపు లేదు. రాత్రి క్లోజింగ్‌లో అందరూ తొందరలో ఉన్నప్పుడే "నువ్వెళ్లి అది నొక్కిరా" అంటారు. బ్రేక్ సంగతి మర్చిపోయినా ఇది మాత్రం మర్చిపోవద్దని చెప్పండి.

టైమ్ గురించి కూడా. 16, 17 ఏళ్ల వాళ్లకి సమ్మర్ సెలవుల్లో రోజుకి ఇన్ని గంటలే అనే లిమిట్ ఒహాయోలో లేదు, అందుకే పది గంటల షిఫ్టులు వేస్తున్నారు, అది చట్టం ప్రకారం తప్పు కాదు. కానీ ఆగస్టులో స్కూల్ తెరిచాక, మర్నాడు స్కూల్ ఉన్న రాత్రి 11 దాటి పని చేయించకూడదు. హాలోవీన్ సీజన్‌లో ఇది అక్కరకొస్తుంది.

బాబు దగ్గరికి మళ్లీ వస్తే, 19 ఏళ్లు, పెద్దవాడు, చట్టం వాడికి బ్రేక్ రాసివ్వలేదు. "ఇదేం న్యాయం" అన్నారు కదా, మైనర్లని కాపాడటానికి పెట్టిన రూల్ కాబట్టి దీన్ని వివక్ష అనలేం. కానీ వాడి చేతిలో ఏమీ లేదని కాదు. మొదటిది కంపెనీ హ్యాండ్‌బుక్. చేరిన రోజు ఫోన్‌లో క్లిక్ క్లిక్ అని సంతకం పెట్టేశాడు చూడండి, అందులో ఎన్ని గంటల షిఫ్ట్‌కి ఎన్ని నిమిషాలు అని దాదాపుగా అన్ని పెద్ద పార్కులూ రాస్తాయి. చట్టం లేకపోయినా వాళ్ల పాలసీ వాళ్లే పాటించకపోతే హెచ్‌ఆర్‌కి చెప్పడానికి అదే ఆధారం. రెండోది, బ్రేక్ ఇచ్చామని అరగంట కట్ చేసి ఆ అరగంట ప్లాట్‌ఫామ్ మీద లాప్ బార్లు (సీట్లో కూర్చున్నవాళ్ల ఒడి మీదికి దించే సేఫ్టీ కడ్డీలు) చెక్ చేయిస్తే, అది వాడు పనిచేసిన టైమే. సీజనల్ మినహాయింపు ఉన్నా గంటకి ఇంత అని ఒప్పుకున్న జీతం పనిచేసిన ప్రతి గంటకీ ఇవ్వాల్సిందే, ఒప్పుకున్న జీతం టైముకి చెల్లించాలని ఒహాయోలో ప్రాంప్ట్ పే చట్టం వేరే ఉంది. వాన పడి రైడ్ ఆపినప్పుడు కూడా ఇదే చూడాలి. "ఇంటికెళ్లిపో" అంటే జీతం ఆగిపోతుంది, పోనీలే. "క్లాక్ అవుట్ చేసి ఇక్కడే ఉండు, వాన తగ్గగానే పిలుస్తాం, ఎక్కడికీ కదలకు" అంటే మాత్రం అది రెస్ట్ కాదు, వాళ్ల కోసం కాచుకుని ఉండటం, అది పనికిందే లెక్క అని గట్టిగా అడగొచ్చు.

మూడోది అసలైనది. బాత్రూమ్, నీళ్లు. బ్రేక్ చట్టం లేదు కదా అని బాత్రూమ్‌కి పంపకపోవడం కుదరదు, వర్కర్‌కి అవసరమైనప్పుడు టాయిలెట్‌కి వెళ్లే వీలుండాలని ఓషా (పనిచేసే చోట భద్రత చూసే ఫెడరల్ సంస్థ) రూల్, అది వయసుతో, సీజన్‌తో సంబంధం లేకుండా అందరికీ. ఎండలో పనిచేసేవాళ్లు 15, 20 నిమిషాలకో కప్పు నీళ్లు తాగాలని కూడా ఓషా వాళ్లే చెప్తారు. జూలైలో మధ్యాహ్నం మూడింటికి కాంక్రీట్ ప్లాట్‌ఫామ్ మీద, మోటర్ల వేడి పక్కన, ప్రతి రెండు నిమిషాలకీ ఒక ట్రైన్ వస్తుంటే ఇరవై మంది లాప్ బార్లు లాగి చూసి బొటనవేలు పైకెత్తి చూపించాలి. వాడికి కళ్లు తిరిగితే అది వాడొక్కడి ఆరోగ్యం కాదు, ఆ సీట్లలో కూర్చున్నవాళ్ల ప్రాణం. అందుకే రైడ్ మీద పనిచేసేవాళ్లని ఒకే చోట నిలబెట్టకుండా కాసేపు కంట్రోల్స్, కాసేపు గేట్, కాసేపు ఎగ్జిట్ అని తిప్పుతుంటారు. బాబుకి ఒకటే చెప్పండి, తల బరువుగా అనిపించిన క్షణాన "నన్ను మార్చండి" అని లీడ్‌కి చెప్పాలి, మొహమాటపడి లాగించకూడదు. మన పిల్లలకి ఈ మొహమాటం ఎక్కువ, మనమే నేర్పాం "పెద్దవాళ్లకి ఎదురు చెప్పకు" అని.

ఇక ఫోన్ చేయాలా వద్దా అన్నారు. బాబు కోసం చేయొద్దు, 19 ఏళ్ల వాడి గురించి అమ్మ ఫోన్ చేస్తే వాళ్లు మాట్లాడరు కూడా, వాడికి తలవంపులు. పాప కోసం కూడా మొదటి ఈమెయిల్ పాపే పెట్టాలి, మీరు పక్కన కూర్చుని చదివి చూడండి చాలు. రెండు మెయిల్స్‌కీ జవాబు లేకపోయినా, మళ్లీ ఐదు గంటలు దాటించినా, అప్పుడు మీరు దిగండి, మైనర్ తల్లిగా మీకు ఆ హక్కుంది. అప్పటికీ కదలకపోతే ఒహాయో డిపార్ట్‌మెంట్ ఆఫ్ కామర్స్‌లో వేజ్ అండ్ అవర్ బ్యూరో ఉంది, మైనర్ల రూల్స్ చూసేది వాళ్లే. చాలామంది రైడ్ ఇన్‌స్పెక్షన్ వాళ్లకి ఫోన్ చేస్తారు, ఒహాయోలో రైడ్స్ సేఫ్టీ చూసేది అగ్రికల్చర్ డిపార్ట్‌మెంట్, వాళ్లకీ జీతాలకీ సంబంధం లేదు. (అవును, వ్యవసాయ శాఖే. నేనూ మొదటిసారి విన్నప్పుడు రెండుసార్లు చదివా.)

ఈలోగా ఇద్దరికీ చేయించాల్సిన పని ఒకటి. రైడ్ మీదా స్టాండ్‌లోనా ఫోన్లు ఉంచుకోనివ్వరు కాబట్టి షిఫ్ట్ అయ్యాక కార్ ఎక్కగానే ఫోన్ నోట్స్‌లో ఎక్కిన టైమ్, బ్రేక్ మొదలు, బ్రేక్ చివర, దిగిన టైమ్ రాసుకోవాలి. పే స్టబ్ వచ్చినప్పుడు దాంతో పోల్చాలి. మీవారు కష్టం తెలియనీ అన్నారుగా, ఆయన్నే పక్కన కూర్చోబెట్టండి ఆ లెక్కకి, రెండు వారాల్లో మాట మారుతుంది చూడండి.

బాబు కోపంలో మానేస్తానంటే మాత్రం తొందరపడనివ్వకండి, ముందు ఆఫర్ లెటర్ తీయండి, కొన్ని పార్కులు ఒప్పుకున్న తేదీ దాకా ఉన్నవాళ్లకే సీజన్ చివర్లో బోనస్ ఇస్తాయి. మానడం కన్నా అవైలబిలిటీ మార్చుకుని ఐదు రోజులకి దించడం సులువు, ఆగస్టులో కాలేజీ పిల్లలు వెళ్లిపోయే టైముకి వాళ్లకి మనుషులు దొరకరు, అప్పుడు బాబు మాటకి విలువ ఇంకా పెరుగుతుంది.

చివరగా మీ మరిది గారి అమ్మాయి. వద్దండీ. హెచ్-4 మీద ఉన్న పిల్లలు జీతానికి పనిచేయకూడదు, 17 అయినా, సమ్మర్ అయినా, వారానికి నాలుగు గంటలైనా. హెచ్-4 వాళ్లకి పని పర్మిట్ అని మీరు విన్నది 2015లో వచ్చింది, అది భార్యాభర్తలకే, అదీ గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ ఒక దశ దాటినవాళ్లకి, పిల్లలకి లేదు. "క్యాష్ ఇస్తాం, పేపర్ల మీద చూపించం" అని ఎవరైనా అన్నా వెళ్లొద్దు, రేపు స్టూడెంట్ వీసాకి మారేటప్పుడో గ్రీన్‌కార్డ్ దగ్గరో అది బయటపడితే ఆ పిల్లకే నష్టం. పార్క్‌లో "వాలంటీర్‌గా వస్తా" అన్నా కుదరదు, లాభం కోసం నడిచే కంపెనీలో ఉచితంగా పని చేయడం కూడా చిక్కే. వేసవిలో ఖాళీగా ఉండలేకపోతే పబ్లిక్ లైబ్రరీలో అడగమనండి, చిన్న పిల్లల సమ్మర్ రీడింగ్ ప్రోగ్రామ్‌కి చాలా చోట్ల టీనేజ్ వాలంటీర్లని తీసుకుంటారు, ఆ గంటలు కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవడానికి పనికొస్తాయి, పైగా ఏసీ.